నీకేమైతరు?

పానగల్ చెరువు మీద పొద్దు పొడవకముందే నువ్వు లేస్తావక్కా. ఉదయసముద్రం అని ఆ నీళ్లకు పేరు. కందూరు చోడుల నాటి చెరువు. ఇప్పుడు కృష్ణ నీళ్లు కాలువ పట్టుకుని వచ్చి అందులో పడుతున్నాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన నల్లగొండకు ఆ నీళ్లే ఇవాళ కాస్త ఊరట. ఆ కట్ట మీది చల్లగాలి వీధుల్లోకి దిగే వేళకు నువ్వు వాకిలి ఊడ్చి, చాయ్ పెట్టి, కొయ్యకు వేలాడే గుడ్డసంచి దించుతావు.

ఆ సంచిలో ఏముంటాయో నాకు తెలుసు. అట్టలూడితే దారంతో కుట్టిన పాటల పుస్తకాలు పది. బట్టల సబ్బులు. నాలుగు కొత్త తువ్వాళ్లు. గేటు దగ్గర ఏది పోనిస్తారో ఏది ఆపేస్తారో నీకు కంఠతా వచ్చు. అన్నిటికన్నా అడుగున ఒక నోటుబుక్కు ఉంటుంది. అది ఎప్పుడూ లోపలికి పోదు. అందులో రాసుకున్నవన్నీ ఆటోలో కూర్చుని ఒకటికి రెండుసార్లు చదువుకుంటావు. ఫలానా ఆయన కేసు వాయిదా ఎప్పుడు పడ్డది, ఫలానా పిల్లగాని తల్లికి జ్వరం తగ్గిందా, ఫలానా వాళ్ల బర్రె ఈనిందా. అన్నీ తలకెక్కించుకుని, పుస్తకం సంచిలోనే వదిలేసి లోపలికి పోతావు.

నిన్ను పాడాలని ఉంది నాకు. ఇది పేర్లు రాయి మీద చెక్కించుకున్న నేల. మన పానగల్ మ్యూజియంలో శాసనాలున్నాయి. ఏ రాజు ఏ దేవుడికి ఎంత భూమి ఇచ్చాడో అక్కడ రాతిలో ఉంది. నీ పేరు ఏ రాయి మీదా పడదు. నేనూ ఇక్కడ రాయను, నీకు ఇష్టముండదు గనక. అందరూ పిలిచినట్టు అక్కా అనే పిలుస్తాను.

గడియారం సెంటర్ దగ్గర ఇంకో నలుగురు కలుస్తారు. రిటైరైన టీచరు సారు. ఆ పూట కిరాయిలు మానుకుని ఆటో నడిపే తమ్ముడు. ఢోలక్ వాయించే పిల్లగాడు. తెల్లచీర సిస్టరమ్మ. బాప్టిస్టు చర్చి వాళ్లూ కతోలిక గుడి వాళ్లూ ఒకే ఆటోలో మోకాళ్లు తగిలేట్టు కూర్చోవడం మన దగ్గర అరుదు. ఆ దారిలో మాత్రం ఎవరి బాప్తిస్మం ఎట్లాంటిదన్న మాటే రాదు. ఉక్కపోతకు సిస్టరమ్మ పుస్తకంతో విసురుకుంటుంది. ఆ గాలి నీకూ తగులుతుంది.

జైలు గేటు పెద్దది. అందులో మనుషులు పోయే తలుపు చిన్నది. ఎంతటివాడైనా తల వంచి, కాలెత్తి లోపల పెట్టాల్సిందే. మంత్రి వచ్చినా అంతే, దొంగ వచ్చినా అంతే. ఆ తలుపు దాటుతుంటే ప్రతిసారీ నువ్వు ఒక్క క్షణం ఆగుతావు. ప్రార్థన చేసుకుంటున్నావేమో అనుకునేదాన్ని. అడిగితే, "మోకాలు నొస్తది బిడ్డా, జర నిలబడి దాటుత" అన్నావు.

లోపల బల్ల మీద రిజిస్టరు. పేరు, ఊరు, ఎవరిని చూడాలి, వచ్చిన వేళ. ఆ పక్కన ఒక గడి: సంబంధం. తల్లి, భార్య, అన్న, బామ్మర్ది, వకీలు. ములాఖత్‌కు వచ్చినవాళ్లందరూ ఆ గడి నింపుతారు. నేను నీతో మొదటిసారి వచ్చినరోజు కొత్తగా వేసిన వార్డరొకాయన పెన్ను చేతిలో పట్టుకుని అడిగాడు.

"ఏమైతరమ్మా మీరు వాళ్లకు?"

"ఏం కాను సారూ."

"ఏం కాకుంటె ఎందుకొచ్చిన్రు?"

"ఏం కానోళ్లు గూడ ఒకలన్న రావాలె గద సారూ."

ఆయన కాసేపు నీ మొహం చూసి, ఆ గడిలో చిన్న గీత గీశాడు. ఆ గీత దగ్గరే ఆగిపోయాను నేను. అప్పటినుంచి ఇప్పటిదాకా దాన్నే తల్చుకుంటున్నాను.

మనది వరసల భాష. అత్త కూతురు వేరు, పిన్ని కూతురు వేరు, పెదనాన్న కొడుకు వేరు. బస్సులో పక్కన కూర్చున్న ముసలామెను కూడా వరస లేకుండా పిలవలేం. పెద్దమ్మా అంటాం, అవ్వా అంటాం. అట్లాంటి భాషలో పుట్టిన మనిషికి వరసలన్నీ ఒక్కరోజులో తెగిపోవడమంటే ఏమిటో జైలుకు పోతే తెలుస్తుంది. కేసయిన రోజే సగం చుట్టరికం పోతుంది. పేపర్లో ఫోటో పడితే మిగతా సగం పోతుంది. కొడుకును తీసుకుపోయారని తెలిసిన తండ్రి, నాకు కొడుకే లేడని ఊరందరి ముందూ అనేస్తాడు. రాత్రి ఒక్కడే మంచంలో లేచి కూర్చుంటాడు, అది వేరే సంగతి. దేవరకొండ అవతలి తండా నుంచి తల్లి రావాలంటే రెండు బస్సులు మారాలి, ఒకరోజు కూలి పోగొట్టుకోవాలి, గేటు బయట చెట్టు కింద తన పేరు పిలిచేదాకా కూర్చోవాలి. అంత చేసి వస్తే దొరికేది జాలీ అవతల ఒక మసక మొహం, ఇటూ అటూ పదిమంది ఒకేసారి అరుస్తుంటే మధ్యలో వినపడే నాలుగు మాటలు. తిన్నవా? తిన్న. వకీలు ఏమన్నడు? పైసలు అడుగుతుండు. అంతలో టైమైపోయింది అంటారు. రెండోసారి వస్తుంది, మూడోసారి వస్తుంది. తర్వాత రాదు. ఆమె తప్పేం లేదు.

ములాఖత్ రోజు ఎవరి పేరూ పిలవనివాళ్లు బ్యారక్‌లో గోడకానుకుని కూర్చుంటారు. పిలిచినవాళ్లు తిరిగొచ్చి, ఇంటినుంచి తెచ్చిన అరటిపండు వలిచి సగం ఇస్తే తీసుకుంటారు, తీసుకోరు. ఆ గోడ దగ్గరివాళ్లు నీవాళ్లక్కా. పేరు రాయించుకునే చుట్టం లేనివాళ్లకు చుట్టంగా పోయే నీకు వందనం.

ఎంతమంది ఉన్నారో లెక్క చెబితే గుండె జారుతుంది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కగట్టింది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదన్నమాట. కొందరికి జామీను కూడా వచ్చే ఉంటుంది, షూరిటీ ఇచ్చే మనిషి ఉండడు. కాగితం మీద తలుపు తెరుచుకుంటుంది, నిజం తలుపు తెరుచుకోదు. తన పేరు మీద భూమి పాసుబుక్కున్న ఒక్క మనిషి కోర్టుకొచ్చి సంతకం పెడితే చాలు. ఆ ఒక్క మనిషి కోసం నువ్వు ఊళ్లు తిరిగిన సంగతి నాకు తెలుసు. నకిరేకల్ దాకా పోయి, పొలంలో ఉన్న ఒకరి బాబాయి కాళ్ల దగ్గర కూర్చుని, నారు పీకుతూనే మాట్లాడి, సాయంత్రానికి ఆయన్ను ఒప్పించావు. తొలిసారి కేసులో ఇరుక్కున్నవాడు, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, పడాల్సిన శిక్షలో మూడోవంతు విచారణ ఖైదీగానే గడిపేస్తే విడిచిపెట్టాలని కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. జామీను డబ్బు కట్టలేని పేదకు 40,000 రూపాయల దాకా సాయం చేయడానికి 2023లో కేంద్రం పథకం పెట్టింది. పదో తరగతి దాటని నీకు ఆ సెక్షన్ నంబరు, ఆ పథకం పేరు, న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో ఏ బల్ల దగ్గర అడగాలో, అన్నీ నోటిమీదున్నాయి.

ప్రార్థన గంటసేపే. మిగిలిన పనంతా గోడ బయటే. ఈ పరిచర్య గురించి తెలియనివాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. పాటలు పాడి, వాక్యం చెప్పి, బిస్కెట్లు పంచి వచ్చేస్తారు అనుకుంటారు. క్రిస్మస్‌కు ఒకసారి కేకులు పట్టుకొచ్చి ఫోటోలు దిగి పోయేవాళ్లూ ఉన్నారు, కాదనను. వాళ్ల కేకూ తియ్యగానే ఉంటుంది. కానీ జనవరిలో వచ్చేది నువ్వు. ఎండాకాలం రేకులు కాలిపోతుంటే వచ్చేది నువ్వు. వానకు ఆటో దొరక్క సగం దారి నడిచి, తడిసిన చీర పిండుకుని ఆ చిన్న తలుపు దాటేది నువ్వు.

ఒకరోజు నేను కళ్లారా చూసినది చెబుతాను. పాటలైపోయాయి. అందరూ లేస్తున్నారు. ముప్పై ఏళ్లుండే ఒకతను వెనక నుంచి వచ్చాడు. అప్పటిదాకా పాడలేదు, కళ్లు మూయలేదు, చేతులు జోడించలేదు. నీ ముందు నిలబడి, వచ్చేటప్పుడు ఏమీ తేవద్దన్నాడు. ఒక్క పని చేయమన్నాడు. తన బిడ్డ అమ్మమ్మ ఇంట్లో ఉంది, ఎట్లుందో ఒక్కసారి చూసి చెప్పమన్నాడు. ఊరు చెప్పాడు, ఇంటి గుర్తు చెప్పాడు: బోరింగు పక్క సందు, జామచెట్టు. ఏం చెప్పాలె అని నువ్వడిగితే, "ఏం చెప్పకు. చూసి రా" అన్నాడు.

పోయావు. ఆ ఇంట్లో వాళ్లు కూర్చోమనలేదు. ఎండలో వాకిట్లోనే నిలబడ్డావు. పిల్ల తలుపు చాటునుంచి చూసింది, మాట్లాడలేదు. వచ్చేటప్పుడు నువ్వు ఊరికే నవ్వావట, ఆ పిల్లా నవ్వింది. అంతే.

తర్వాతి నెల అతను బ్యారక్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నువ్వు ప్రార్థనలోకి పోలేదు, పుస్తకం తీయలేదు. తిన్నగా అతని దగ్గరికి పోయి, నీ ముందుపన్ను మీద వేలు పెట్టి చూపించి అన్నావు: "ఇది ఊడింది."

అతనికి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అతని నాలుక మూసిన పెదాల వెనక తన ముందుపళ్లను తడుముకోవడం నాకు కనబడింది. తడుముకుంటూ తడుముకుంటూ గోడ వైపు తిరిగాడు. వెనకనుంచి భుజాలు మాత్రమే కనిపించాయి. ఆరోజు ఏ వాక్యం చదివామో నాకు గుర్తులేదు. పాలపన్ను ఒక్కటే గుర్తుంది.

వార్త మోసుకుపోయేదానా, నీకు వందనం. ఫోను లేకుండా, చీటీ లేకుండా, ఇంటినుంచి జైలుకు, జైలునుంచి ఇంటికి, నాలుక మీద పెట్టుకుని పిల్ల నవ్వును మోసినదానా.

ఈ దారి నువ్వు వేసింది కాదని నువ్వే అంటావు. తీర్పు రోజున రాజు తన కుడివైపున ఉన్నవాళ్లతో, చెరలో ఉన్న నన్ను చూడవచ్చారని చెప్పే ఘట్టం మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయంలో ఉంది. వాళ్లు ఆశ్చర్యపోతారు, మేమెప్పుడొచ్చామని అడుగుతారు. ఆ ఆశ్చర్యమే నాకు ఇష్టం. వాళ్లు పుణ్యం కోసం పోలేదు, ఎవరిని చూస్తున్నారో తెలియకుండానే పోయారు. అక్కడ రాజు ఆ దిక్కులేనివాళ్లను ఏ వరస పెట్టి పిలుస్తాడో చూడు, తన సోదరులంటాడు. రిజిస్టరులో ఆ వార్డరు గీత గీసి వదిలేసిన గడిని ఆయనెప్పుడో నింపి పెట్టాడు.

ఎఫెసునుంచి ఒనేసిఫోరు అనే మనిషి రోమాకు వచ్చాడు. పౌలు అక్కడ సంకెళ్లలో ఉన్నాడు. అంత పెద్ద నగరంలో ఏ సందులో, ఏ గదిలో బంధించారో ఎవరికి తెలుసు? వెతికాడు. అడిగాడు. ఖైదీ కోసం అడిగితే అడిగినవాడినీ అనుమానంగా చూస్తారు, అయినా అడిగాడు. కనుక్కున్నాడు. పౌలు ఆ సంగతి తిమోతికి రాసిన ఉత్తరంలో తలుచుకుంటాడు, తన గొలుసు చూసి ఆ మనిషి సిగ్గుపడలేదని. బైబిలులో ఒనేసిఫోరు ఒక్క ప్రసంగమూ చేసినట్టు లేదు, ఒక్క అద్భుతమూ చేయలేదు. వెతుక్కుంటూ వచ్చాడు, అంతే. జామచెట్టు గుర్తు పట్టుకుని సందులు వెతికినదానివి, నువ్వు అతని చెల్లెలివి.

పాట కూడా అట్లాంటి చోటనే పుట్టింది. పౌలూ సీలా ఫిలిప్పీ చెరసాలలో, కాళ్లు బొండలో బిగించి ఉండగా, నడిరాత్రి పాడారు. మన దగ్గర కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో కూర్చుని రాముడిని అడిగాడు, అలిగాడు, నిలదీశాడు. ఆ కీర్తనలు తెలుగునేల మీద ఇంకా ఆగలేదు. 1535లో పస్సావ్ కోట నేలమాళిగలో అనబాప్తిస్టులను బంధిస్తే వాళ్లు పాటలు కట్టారు. ఔస్‌బుండ్ అనే పాటల పుస్తకానికి ఆ పాటలే మూలం, ఆమిష్ జనం ఇప్పటికీ వాటిని పాడుకుంటారు. ఆ అనబాప్తిస్టుల వారసులే మెన్నొనైట్లు. అబ్రహాం ఫ్రీసెన్, మరియా అనే మెన్నొనైట్ దంపతులు రష్యా నుంచి బయల్దేరి 1890లో ఎక్కడికొచ్చారు? మన నల్లగొండకే. ఇక్కడ బాప్టిస్టు మిషన్ పని మొదలుపెట్టారు. చెరలో పాడిన పూర్వీకుల జ్ఞాపకాన్ని ఓడల మీద, ఎడ్లబండ్ల మీద మోసుకుని ఈ రాళ్లగుట్టల మధ్యకు వచ్చారు. ఆ మిషన్ నాటిన చర్చిల్లోని పాటలే నువ్వు మళ్లీ చెరలోకి తీసుకుపోతున్నావు. ఎక్కడ పుట్టిందో అక్కడికే పాటను చేరుస్తున్నావు.

నల్లగొండకు జైలు కొత్తేం కాదు కూడా. సాయుధ పోరాటం రోజుల్లో ఈ జిల్లా ఇళ్లలో ఎంతమంది మగవాళ్లు జైళ్లకు పోయారో పాతవాళ్లు ఇంకా చెబుతారు. మన జిల్లా మనిషే వట్టికోట ఆళ్వారుస్వామి. తానూ ఖైదీగా ఉండి, పక్కనున్న మామూలు నేరస్తుల బతుకులు విని, జైలు లోపల అని కథలు రాశాడు. ఆయన దారి వేరు, నీ దారి వేరు, ఆయన నమ్మిక వేరు. కానీ కటకటాల వెనకున్నవాణ్ణి కూర్చోబెట్టి, ఏమైందో చెప్పు అని వినడంలో మీరిద్దరూ ఒకే ఊరివాళ్లు.

ఇక్కడ ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ పాట అబద్ధమైపోతుంది. లోపలున్నవాళ్లందరూ అన్యాయంగా ఇరుక్కున్నవాళ్లు కాదు. నరికినవాళ్లున్నారు. భార్యను కాల్చినవాళ్లున్నారు. పసిపిల్లను చెరిచినవాడు నీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టిన రోజు నీ గొంతు పాట మధ్యలో ఆగిపోయింది, నేను పక్కనే ఉన్నాను. ఆరోజు ఆటోలో నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు ఆ పిల్ల ఇంటికి పోయి తల్లి పక్కన కూర్చున్నావు. జైలుకు పోతావన్న సంగతి ఆమెకు చెప్పావు, దాచలేదు. ఆమె తిట్టింది. తిట్టించుకున్నావు. మళ్లీ పోయావు. నా మట్టుకు నేను చెప్పేది: ఖైదీ దగ్గరికి పోయి, దెబ్బతిన్న ఇంటివైపు తొంగిచూడని పరిచర్య ఒంటికాలి మీద నడిచేదే. రెండు గడపలూ తొక్కాలి. రెండో గడపే ఎక్కువ ఎత్తు.

క్షమించడం మన చేతిలో లేదు, దెబ్బతిన్నవాళ్ల చేతిలోనే ఉందని నువ్వు చెప్పిన మాట నాకు తెలుసు. ఆ చేతులు ఎంత దూరం చాచగలవో 2002లో మధ్యప్రదేశ్‌లో కనబడింది. 1995 ఫిబ్రవరిలో ఇండోర్ ప్రాంతంలో బస్సులో సిస్టర్ రాణి మరియను పొడిచి చంపిన సమందర్ సింగ్ జైల్లో ఉన్నాడు. రాఖీ పండుగకు ఆమె సొంత చెల్లెలు సిస్టర్ సెల్మీ పాల్ జైలుకు పోయి అతని చేతికి రాఖీ కట్టింది. అక్కను చంపినవాడు తమ్ముడయ్యాడు. 2006లో అతను విడుదలయ్యాడు. 2017 నవంబరు 4న రాణి మరియను ధన్యురాలిగా ప్రకటించిన రోజు ఆ జనంలో అతనూ ఉన్నాడు. ఆ రాఖీ కట్టేటప్పుడు సెల్మీ వేళ్లు వణికాయా? ముడి ఒక్కసారికే పడిందా? ఆ దారం గురించి తల్చుకున్నప్పుడల్లా నాకు మళ్లీ ఆ రిజిస్టరే గుర్తుకొస్తుంది. సంబంధం అన్న గడిలో ఆమె ఆరోజు ఏం రాసి ఉంటుంది?

మతం మార్చడానికే పోతారంటారు కొందరు. నీ గంటలో అయ్యప్ప మాల వేసుకున్నవాడూ కూర్చుంటాడు, నమాజు చదివి వచ్చినవాడూ కూర్చుంటాడు, బిస్కెట్ల కోసమే వచ్చి ముందు వరసలో కూర్చునేవాడూ ఉంటాడు. ఎవరినీ పేరు మార్చుకొమ్మనవు. సబ్బు ఇచ్చి ప్రార్థన అడగవు. చేయి కట్టేసి ఉన్నవాడి దగ్గర బేరం పెట్టడం పాపమని నీ నమ్మకం, నాదీ అదే. అడిగినవాళ్లకు మాత్రం నీ ప్రభువు గురించి కళ్లు మెరుస్తూ చెబుతావు. అది దాచుకునే మెరుపు కాదు.

ఇట్లా పోయేవాళ్లు నువ్వొక్కదానివే అనుకోకు. 1813లో లండన్ న్యూగేట్ జైల్లో గడ్డి మీద పడుకున్న ఆడవాళ్ల దగ్గరికి ఎలిజబెత్ ఫ్రై బట్టలు పట్టుకుపోయింది. 1981లో కేరళలోని కొట్టాయంలో కతోలిక గురువులయ్యేందుకు చదువుకుంటున్న వర్గీస్ కరిప్పేరి, ఫ్రాన్సిస్ కోడియన్ మొదలుపెట్టిన చిన్న సహవాసమే ఇవాళ ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా. రాష్ట్రాలన్నీ తిరిగే దాని వలంటీర్లలో ఎక్కువమంది నీలాంటివాళ్లే, జీతం లేదు, పేరు లేదు. ఏటా ఆగస్టు రెండో ఆదివారం కతోలిక గుళ్లలో కారాగార పరిచర్య ఆదివారం జరుపుతారు. ఆ పరిచర్యకు పాలక పునీతుడు మాక్సిమిలియన్ కోల్బే. 1941లో ఆష్విట్జ్ శిబిరంలో పదిమందిని ఆకలి చావుకు ఎంచినప్పుడు, భార్యాపిల్లలను తల్చుకుని ఏడ్చిన ఫ్రాన్సిషెక్ గాయోవ్నిచెక్ బదులు నేను పోతానని వరుసలోనుంచి ముందుకొచ్చాడాయన. ఆగస్టు 14న సూదిమందు వేసి చంపారు. గాయోవ్నిచెక్ 1995 దాకా బతికాడు. ఒకరికొకరు ఏమవుతారు వాళ్లు? ఏమీ కారు. ఒకే శిబిరంలో రెండు నంబర్లు.

నంబర్లంటే గుర్తొచ్చింది. లోపల మనిషికి నంబరుంటుంది. నువ్వు ఒక్కరినీ నంబరుతో పిలవగా వినలేదు. చిన్నోడా, అన్నా, బాబాయ్, పెద్దయ్యా. జైలు సిబ్బందినీ అంతే. మోకాలు నొప్పి చూసి ఓ రోజు నీకు కుర్చీ తెచ్చి వేసిన హెడ్ వార్డరును తమ్మీ అన్నావు. ఆయన డ్యూటీ కూడా ఆ గోడల మధ్యే గడుస్తుంది, ఆయన పిల్లలనూ అడుగుతావు. ఫిలిప్పీ కథలో నాకు ఎక్కువ ఇష్టమైనవాడు ఆ జైలు అధికారే. భూకంపానికి తలుపులు తెరుచుకుంటే ఖైదీలు పారిపోయారనుకుని కత్తి దూసి చావబోయాడు. లోపలినుంచి ఖైదీయే కేకేసి ఆపాడు. ఆ రాత్రే అతను దీపం పెట్టుకుని వాళ్ల గాయాలు కడిగాడు. జైలు గోడ రెండువైపులా మనుషులే ఉన్నారని ఆ కథ రాసినవాడికి తెలుసు.

చంచల్‌గూడలో ఆడవాళ్లకు వేరే జైలుంది. ఒకసారి అక్కడికి పోయినప్పుడు నువ్వు పాటల పుస్తకాలు పక్కన పెట్టి నేల మీద కూర్చుని గవ్వలాట మొదలుపెట్టావు. తల్లితోపాటు ఆరేళ్ల వయసుదాకా బిడ్డ జైల్లో ఉండొచ్చు. ఆ పిల్లలకు తిండి, చదువు, ఆట ఎట్లా ఉండాలో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ప్రతివాది మన అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. తీర్పు కాగితం మంచిదే. కానీ ఆ పిల్లకు గవ్వలు వేయడం నేర్పింది నువ్వు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే అది గట్టిగా అరిచింది. తల్లి ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది.

మన ఊరి పొలాల మధ్య ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా. నువ్వు క్రైస్తవురాలివి, నేనూ అంతే, అయినా చిన్నప్పుడు ఆ రాతి మంటపంలో ఆడుకోని పిల్లలెవరున్నారు పానగల్లో? గర్భగుడిలో పగలంతా ఒక నీడ నిలిచి ఉంటుంది. ఎదురుగా ఇన్ని స్తంభాలున్నాయి, అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు. చిన్నప్పుడు నేను ఒక్కో స్తంభం దగ్గరా నిలబడి చేయి అడ్డం పెట్టి చూసేదాన్ని, ఇదా, ఇదా అని. దొరికేది కాదు. బ్యారక్‌లో ఏడుస్తూ పడుకున్నవాడు ఒక రాత్రి ఎందుకో ఏడవకుండా నిద్రపోతాడు. ఉరి వేసుకుందామని చింపిన దుప్పటి పేలికను ఇంకొకడు తెల్లారి మళ్లీ సూదితో కుట్టుకుంటాడు. ఏ పాట వల్ల, ఎవరి మాట వల్ల, ఎవరు తెచ్చిన కబురు వల్ల అని అడిగితే వాడే చెప్పలేడు. నువ్వూ నాదని అనవు.

మొన్న ఒకతను విడుదలయ్యాడు. కాగితాలన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. చిన్న తలుపులోంచి ముందు ఒక ప్లాస్టిక్ సంచి వచ్చింది, తర్వాత తల, తర్వాత మనిషి. బయట నిలబడి ఇటు చూశాడు, అటు చూశాడు. రోడ్డు దాటడానికి భయపడ్డాడు. ఇన్నేళ్లలో బండ్లు ఎంత వేగమయ్యాయో అతనికి తెలియదు. ఇంటికి ఫోన్ చేశామనీ, ఎత్తలేదనీ నువ్వు చెప్పలేదు. చెట్టు కింద నుంచి లేచి, మోకాలు పట్టుకుని, ఆ మోకాలితోనే రోడ్డు దాటి వచ్చావు. చాయ్ బండి అతను మనల్ని చూసి అడిగాడు, "ఎవరమ్మా, మీ తమ్ముడా?"

నువ్వు అతని చేతిలోని ప్లాస్టిక్ సంచి తీసుకున్నావు. దాని చెవి తెగిపోతోంది. కింద చేయి పెట్టి పట్టుకున్నావు.

"రెండు చాయ్ పొయ్యి. మావోనికి చక్కెర జర ఎక్కువెయ్యి."

ఆటో తమ్ముడు బండి స్టార్టు చేశాడు.

"పా, పోదాం" అన్నావు. "చీకటైతుంది."

అతను చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఇంకా తాగుతూనే ఉన్నాడు. నువ్వు తొందరపెట్టలేదు.